కత్తెర మేడం ఆఖరి క్లాసు

వేలి కణుపులు వాచి కత్తెర పిడిలో బొటనవేలు ఇరుక్కుపోతున్నా, ఆవిడ ఇంకో పరిశోధన పత్రాన్ని ముక్కలు చేసింది. ప్రశ్న ఒక ముక్క, ప్రయోగం ఎలా చేశారో ఒక ముక్క. ఫలితం చూపే గ్రాఫును మాత్రం సొరుగులో దాచింది. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు ఆ గ్రాఫు ఎలా ఉంటుందో ముందు ఊహించి గీయాలి. ఆ తర్వాతే అసలుది చూడాలి. అందుకే ఆవిడకు కత్తెర మేడం అని పేరు పడింది.

ఒకప్పుడు ఆవిడ మాస్టారు, చివరి పేజీలు తడిసి ఊడిపోయిన పత్రం చేతికిచ్చి, "తర్వాత ఏమై ఉంటుందో నువ్వే చెప్పమ్మా" అన్నారు. చెప్పింది. పూర్తిగా తప్పు. ఆయన పగలబడి నవ్వి, తన బల్ల పక్కనే ఆమెకు కుర్చీ వేయించారు. ఆయన ఊరు వదిలి వెళ్లిన రోజు ఆవిడ ఆలస్యంగా వచ్చింది. ఆయన ల్యాబు గదికి తాళం. తలుపు సందులోంచి నమూనా సీసాల స్పిరిట్ వాసన మాత్రం వస్తూనే ఉంది.

వచ్చే ఏడాది నుంచి ఈ క్లాసు ఉండదు. తెర మీద స్లైడ్లు చాలన్నారు పెద్దసారు. సాయంత్రం రైలుకి ఆవిడ అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. ఈ గంటలో ఒక్కరైనా సొంతంగా ఆలోచిస్తే చాలని ఆరాటం.

గింజల్ని ఎక్కువసేపు నానబెడితే ఎక్కువ మొలకెత్తుతాయా అన్నది ఇవాళ్టి ప్రశ్న. ముందు బెంచీ అబ్బాయి తిన్నగా పైకి వెళ్లే గీత గీశాడు. వెనక బెంచీ దాకా అందరి కాగితాల్లోనూ అదే గీత. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. మూలనున్న అమ్మాయి కాగితం మీద మాత్రం రబ్బరుతో చెరిపిన మరక కనిపించింది.

"ఏం చెరిపావు తల్లీ?"

"పైకెళ్లి పడిపోతుందనుకున్నా మేడం. మరీ నానితే కుళ్లిపోతాయి కదా. అందరూ పైకే గీస్తే, నాదే తప్పేమోనని..."

"మళ్లీ గీయి."

గీసింది. అప్పుడు అసలు గ్రాఫు బయటికొచ్చింది. గీత కొంత పైకి వెళ్లి, బల్లపరుపుగా సాగి, ఆగిపోయింది.

"నాదీ తప్పేగా మేడం," అంది అమ్మాయి.

"తప్పే. కానీ నీ తప్పు నీ సొంతం. వీళ్లు తప్పు కూడా కాపీ కొట్టారు."

అందరూ నవ్వారు. ముందు బెంచీ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. గ్రాఫు లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆగండాగండి. ఈ పత్రం రాసినవాళ్లు ఒక్కరోజే నానబెట్టి ఆపేశారు. ఇంకా ఉంచితే ఈవిడగారు చెప్పినట్టే పడిపోతుందేమో."

"నీళ్లు మారుస్తుంటే కుళ్లవురా," అన్నాడు పక్కవాడు.

"పందెమా?" అంది అమ్మాయి.

గది సంతలా తయారైంది. బల్లలు దగ్గరికి జరిగాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

అటెండరు తలుపు దగ్గర నిలబడి, "రైలుకి టైమవుతోంది మేడం," అన్నాడు. ఆవిడ చెప్పుల చప్పుడు కాకుండా వెళ్లిపోయింది. వీడ్కోలు చెబితే వాదన ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

కిటికీ గట్టు మీద ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఉండిపోయింది. క్లాసులో చూపించడానికి ఆవిడ తెచ్చిన గింజలు ఎవరో అందులో పోసి, 'కదపొద్దు' అని చీటీ అంటించారు.