పేరు చెక్కించిన గ్లాసు

పొద్దున్నే తారాబాయి ఇంటి ముందు కనిపించే దృశ్యం ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. పనిమనిషి సుంకులమ్మ వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, కాంపౌండు గోడ గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసు తీసి కడుక్కుంటుంది. తారాబాయి గడప లోపల నిలబడి, చెయ్యి తగలకుండా పైనుంచి టీ పోస్తుంది. ఆ తర్వాత ఒకరు గడప మీద, ఒకరు మెట్టు మీద కూర్చుని కోడళ్ల సంగతి మొదలుకొని ఉల్లిగడ్డల ధర దాకా మాట్లాడుకుంటారు. లేచేటప్పుడు సుంకులమ్మ గ్లాసు కడిగి మళ్లీ గూట్లో బోర్లిస్తుంది. ఆదోనిలో ఆ వీధికి ఇది ఎన్నో ఏళ్ల అలవాటు. ఇదేమిటని ఎవరూ అడిగింది లేదు.

ఒకరోజు మేడ మీద అద్దెకున్న వంజీరు అడిగింది. తప్పు పట్టి కాదు పాపం, తెలుసుకుందామని అడిగింది.

వంజీరు, ఆమె భర్త కమావు, చిన్న కూతురు నీమా కెన్యా దేశం నుంచి వచ్చిన మిషనరీ కుటుంబం. కమావు చర్చివారి హాస్టల్లో పిల్లలకు పాఠాలు చెబుతాడు. వాళ్లకు ఊళ్లో ఇల్లు దొరకడమే గగనమైంది. రంగు చూసి కొందరు, మతం చూసి కొందరు, మాంసం వండుతారని కొందరు తలుపు వేసుకున్నారు. చివరకు మడీ ఆచారమూ గల తారాబాయే, "దేశంగాని దేశం వచ్చినారు, పసిబిడ్డతో యాడ తిరుగుతారప్పా" అని మేడ తాళం చేతికిచ్చింది. ఆ ఇంట్లో మాంసం వండబోమని వాళ్లు మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు.

అప్పటి నుంచి వంజీరు కాస్తా వంజీరమ్మ అయింది. తారాబాయి ఆమెకు చిత్రాన్నం కలపడం నేర్పింది, చీర కట్టడం నేర్పింది, ఎండాకాలం ఏ వేళ బయటికి పోకూడదో నేర్పింది. నీమా ఆమెను అవ్వా అని పిలుస్తూ కొంగు వదిలేది కాదు. వంజీరు కన్నతల్లి సముద్రం అవతల ఉంది, ఈ తల్లి మాత్రం మెట్లు దిగితే చాలు. ఆమెను మెప్పించాలని వంజీరు ప్రతి పనీ గమనించేది, అలాగే చేసేది.

అందుకే గ్లాసు సంగతి అడిగింది. తారాబాయి తడబడింది. "అది సుంకులమ్మదేమ్మా. ఆయమ్మకని ప్రత్యేకంగా పెట్టినాము" అని మాట మార్చింది.

వంజీరు ముఖం వెలిగింది. వాళ్లింట్లో తాతకు ఒక మగ్గు ఉండేది. అందులో ఇంకెవరూ తాగకూడదు, అది పెద్దవాళ్లకిచ్చే మర్యాద. ఇక్కడా అంతే కాబోలు అనుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె తారాబాయిని, ఆమె భర్త విఠల్‌ను, సుంకులమ్మను టీకి పిలిచింది. కొత్త గిన్నెలు కొని, గుడ్డు తగలకుండా తమ దేశపు తీపి బొండాలు వేయించింది. ఇతరుల ఇంట్లో మంచినీళ్లయినా ముట్టని తారాబాయి, ఆ పిల్ల మీది ప్రేమకొద్దీ నియమం పక్కనపెట్టి, పట్టుచీర కట్టుకుని మెట్లెక్కింది.

మేడ వాకిట్లో కొత్త పీట వేసి ఉంది. పిట్టగోడ మీద తళతళలాడే స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, దాని మీద 'తారాబాయి' అని పేరు కూడా చెక్కించి ఉంది. వంజీరు ఆమెను పీట మీద కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చి, తాను గడప లోపల నిలబడి, చెయ్యి తగలకుండా పైనుంచి టీ పోసింది. లోపల కుర్చీలో, విఠల్ పక్కన, సుంకులమ్మ కప్పు పట్టుకుని బిక్కచచ్చి కూర్చుంది.

"అమ్మా, ఇది మీకు మాత్రమే. ఇందులో వేరే ఎవరూ తాగరు. ఎప్పుడూ ఇక్కడే, బయటే ఉంటుంది" అంది వంజీరు మురిసిపోతూ.

తారాబాయి ముఖం పాలిపోయింది. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి మెట్లు దిగిపోయింది.

వంజీరుకు తాను ఏం తప్పు చేసిందో తెలియదు. ఇల్లు పోతే మరో ఇల్లు వెతుక్కోవచ్చు, ఈ తల్లి పోతే ఎక్కడ వెతకాలని ఏడ్చింది.

కింద తారాబాయి భర్తతో, "వాళ్లను ఖాళీ చేయమని చెప్పండి" అంది.

విఠల్ బడిపంతులుగా పనిచేసిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. "ఏమని చెప్పల్ల? మేము సుంకులమ్మకు చేసేది నువ్వు మాకు చేసినావు, ఇల్లు ఇడిచిపో అని చెప్పల్లనా?" అన్నాడు.

మర్నాడు పొద్దున సుంకులమ్మ ఎప్పటిలాగే గూట్లో గ్లాసు తీసింది. టీ గిన్నె పట్టుకున్న తారాబాయి పోయకుండా నిలబడిపోయింది.

"సుంకులమ్మా, ఇన్నేండ్లూ ఈ గ్లాసు పట్టుకుంటే నీకు ఎట్లుండె? నిజం చెప్పు."

సుంకులమ్మ గ్లాసు మెట్టు మీద పెట్టింది. "నిన్న నీకు టీ గొంతు దిగినాదామ్మా?"

"లేదు."

"నాకూ మొదట్లో దిగేది గాదు. పని ఇడిసిపెట్టి యాడికి పోదును, మింగడం నేర్సుకుంటి. నువ్వు మంచిదానివే తల్లీ. అందుకే సెప్పడానికి నోరు రాలేదు."

తారాబాయికి కన్నీళ్లు ఆగలేదు. ఆ గ్లాసు తీసుకుని, వంటింట్లో తమ గ్లాసుల వరసలో పెట్టి, సుంకులమ్మను లోపలికి రమ్మంది. సుంకులమ్మ గడప దగ్గరే ఆగింది.

"ఈ పొద్దుకేనా అమ్మా, రేపు గూడానా?"

"రేపు గూడా. ఎల్లుండి గూడా."

అప్పుడు సుంకులమ్మ గడప దాటింది. టీ తాగాక ఇద్దరూ కలిసి మేడెక్కారు. వంజీరు వాచిన కళ్లతో తలుపు తీసి, "అమ్మా, నేను ఏం తప్పు చేశాను?" అని అడిగింది.

"తప్పు నీది కాదు బిడ్డా. మా ఇంట్లో చూసిందే నువ్వు చేసినావు" అని తారాబాయి ఆ గ్లాసు కథంతా, ఈసారి ఏదీ దాచకుండా చెప్పింది. "నువ్వు అడిగిన పొద్దు నిజం చెప్పడానికి సిగ్గయింది నాకు. ఇంటికొచ్చిన మనిషికి చెప్పుకోలేని పని ఆచారం ఎట్లయితాది? అది మానుకోవాల్సిన పనే."

ఆమె పిట్టగోడ మీది తన గ్లాసు అందుకుని, లోపలికి వెళ్లి సుంకులమ్మ పక్కన కూర్చుని, టీ పోయమని చాచింది. వంజీరు ఈసారి దగ్గరగా వంగి పోసింది.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, మన ఇంటి గోడ గూట్లో కూడా అలాంటి గ్లాసు ఉందేమో ఈ పూటే చూసుకుందాం. ఉంటే దాన్ని, దానితో పాటు మనిషిని, లోపలికి పిలుచుకుందాం.