ఇరవై రెట్ల అక్షరం

అక్షరాలు గీసి బతికేవాణ్ణి బంధువులెవరూ పనివాడిగా లెక్కపెట్టరు. గోడకు సున్నం కొట్టేవాడికైనా మంచినీళ్లిస్తారు. ఇతనికి మాత్రం "అక్షరాలన్నీ బళ్లోనే నేర్చుకున్నాంగా, మళ్లీ కొత్తగా గీసేదేముంది?" అని ఒక ప్రశ్న ఇచ్చి పంపిస్తారు. అలా అడిగేవాళ్లలో అందరికంటే ముందుండేవాడు అక్క మొగుడు. పరుపుల కొట్టు పెడుతూ బోర్డు పని ఇతనికే అప్పగించాడు. ప్రేమతో కాదు, పరీక్ష పెట్టడానికి.

"బోర్డు కుదిరిందా, బజారంతా నీ గురించి చెప్తాను. కుదర్లేదా, ఆ కుంచె గట్టున పెట్టి రేపట్నుంచి నా కొట్లో పరుపులు కుడతావు. సరేనా బావమరిదీ?"

"సరే బావా."

ఇతను సొంతంగా ఒక ఫాంటు తయారుచేసుకున్నాడు. బోర్డులకు, పోస్టర్లకు పనికొచ్చే పెద్దక్షరాల ఫాంటు. అక్షరం పొట్ట గుమ్మడికాయంత, తలకట్టు తలవెంట్రుకంత. సన్నగీతకు లావుగీత సరిగ్గా ఇరవై రెట్లుండాలి. ఆ లెక్క తప్పితే అది బలుపు కాదు, వాపు అనేవాడు.

బోర్డు ఎక్కింది. కింద నిలబడి చూస్తే కళ్లు తిప్పుకోలేనట్టుంది. బావ రోడ్డు దాటి అవతలి నుంచి చూశాడు.

"ఒరేయ్, సగం పని మిగిల్చి దిగావేంట్రా? పేరేదీ? గోడ మీద గేదెలు పడుకున్నట్టుంది!"

నిజమే. అంత దూరానికి సన్నగీతలన్నీ మాయమై, నల్లటి ముద్దలు మిగిలాయి.

"పోన్లెండి, పడుకునే ఉన్నాయిగా. పరుపుల కొట్టుకి కలిసొస్తుంది" అంది అక్క.

"నువ్వూరుకో. ఒరేయ్, ఆ సన్నవాటిని కాస్త లావు చెయ్యి."

ఇతని ప్రాణం చివుక్కుమంది. అయినా పరుపులు తలుచుకుని నిచ్చెనెక్కాడు. సన్నగీతలను రెట్టింపు చేశాడు. తీరా చూస్తే లావుగీత పదిరెట్లకు పడిపోయింది. చూస్తూ ఊరుకుంటాడా? వాటినీ రెట్టింపు చేశాడు.

"ఇంకా కనబడట్లేదురా!"

మళ్లీ సన్నవి పెంచాడు. మళ్లీ లావువి పెంచాడు. అక్షరాల పొట్టలు ముగ్గురి సీట్లో ఐదుగురు కూర్చున్నట్టు ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"చాల్రా బాబూ, దిగు!"

"ఉండు బావా, లెక్క కుదర్లేదు!"

రంగు డబ్బా అయిపోయాకే దిగాడు. బోర్డు మీద చిటికెడు తెలుపు కూడా లేదు. వింత చూడ్డానికి అప్పటికే జనం పోగయ్యారు.

"పద లోపలికి. సూది, దారం అక్కడే ఉన్నాయి" అన్నాడు బావ.

ఇతను గుమ్మం దాటబోతుంటే, పక్కనే సైకిళ్లు బాగుచేసే ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ బోర్డు చేసింది మీరేనా? నాకూ ఒకటి కావాలండీ. నాది తెల్లది, రెండ్రోజులకే గ్రీజు మరకలు. దీనికైతే ఎంత మసి పడ్డా తెలీదు."

"అందులో పేరు లేదయ్యా!" అన్నాడు బావ.

"పేరెందుకండీ? ఇంతమంది వచ్చి నిలబడ్డారు, చాలదా?"

బావ జనాన్ని చూశాడు. వాళ్లలో ఒకతను అప్పుడే లోపలికెళ్లి ఒక పరుపు మీద పడుకుని చూస్తున్నాడు. బావ అతని దగ్గరికి పరుగెత్తాడు.

"కుదిరినట్టేగా?" అని వెనక నుంచి అరిచింది అక్క. బావ అప్పటికే పరుపు ధర చెబుతున్నాడు.

ఇతను జేబులోంచి టేపు తీసి, సైకిలాయన వైపు తిరిగి ఎంతో శ్రద్ధగా అడిగాడు.

"మీకు సన్నగీత ఎంత సన్నగా కావాలండీ?"