పాత కంప్యూటర్ ఉన్న గది

ఆ ఇంట్లో సాఫ్ట్‌వేర్ మేడ మీద పుట్టి, కింద గదిలో పరీక్షకు కూర్చునేది. పుట్టించేది వదినా మరిదీ. గీసిన బొమ్మను ఎంబ్రాయిడరీ మెషీన్‌కు అర్థమయ్యే కుట్లుగా మార్చడం దాని పని. కొత్త వెర్షన్ తయారైన ప్రతిసారీ వదిన దాన్ని పట్టుకుని మెట్లు దిగేది. పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా ఊపిరితో ఉన్న కంప్యూటర్ వాళ్ళకు ఒక్కటే ఉంది, అదీ అత్తగారి గదిలో.

"ఇక ఆ పాత సిస్టమ్‌కి ఓ దండం పెట్టేద్దాం వదినా," అన్నాడు మరిది ఆ రోజు పొద్దున. "దానికోసం ప్రతి పనీ రెండుసార్లు చేస్తున్నాం. తయారుచేసినవాళ్ళే దాన్ని ఎప్పుడో వదిలేశారు. కన్నవాళ్ళకి లేని బెంగ మనకెందుకు?"

"వాడేవాళ్ళు ఇంకా ఉన్నారుగా."

"ఉన్నారు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒక వేలు మా అమ్మది. సరే, ఇద్దరున్న కంపెనీలో మెజారిటీ ఎప్పుడూ నీదే. సాయంత్రానికి నువ్వే తేల్చు."

అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే మధ్యాహ్నమంతా హాయిగా వాదించేది. ఆమెకు కావలసింది ఆ సిస్టమ్ కాదు, అది తెరుచుకోవడానికి పట్టే సమయం. కంపెనీ వ్యవహారాల్లో అలాంటి సంగతి ఏ మొహంతో చెబుతుంది?

ఆ గదిలో మధ్యాహ్నం వేరేగా ఉండేది. మీట నొక్కగానే కంప్యూటర్ మూలిగి, దగ్గి, మెల్లగా జోలపాటలో పడేది. కిటికీ తెర చాటు నుంచి వచ్చే ఎండ దారపు కండెలను తాకి, నీలంగా ఎర్రగా గోడ మీదికి పాకేది. కొత్త కంప్యూటర్లలో పువ్వు బొమ్మ ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. ఇందులో మాత్రం కుట్టు వెనక కుట్టు పడుతూ, నిద్రలో విచ్చుకుంటున్నట్టు రేకలు విప్పేది. అది పూర్తయ్యేలోగా అత్తాకోడళ్ళు ఏమేమో మాట్లాడుకునేవారు. మబ్బుకు చిరుగు పడితే ఏ రంగు దారంతో కుట్టాలి, చేపలకు వచ్చే కలలు తడిగా ఉంటాయా అని. భోజనాల బల్ల దగ్గర ఇవే మాటలంటే ఇంట్లో మగవాళ్ళు జ్వరమేమోనని నుదురు తడిమేవారు.

ఆ రోజు పరీక్షకు తామర పువ్వు పెట్టింది. మొదటి రేక సగంలో ఉండగా అంది:

"అత్తయ్యా, నిద్రపోయారా?"

"లేదులే, కళ్ళు మూసుకుని చూస్తున్నా."

"ఈ కంప్యూటర్‌కి ఇక కొత్త వెర్షన్లు ఆపేద్దామంటున్నాడు మీ చిన్నబ్బాయి."

"ఇప్పుడున్నది ఆగిపోతుందా?"

"ఆగదు. ఇలాగే నడుస్తుంది. కొత్తవి రావు, అంతే."

"హమ్మయ్య," అన్నారు అత్తగారు కళ్ళు తెరిచి.

కోడలు తెర వదిలేసి ఆవిడ వైపు తిరిగింది.

"నీ కొత్తది వచ్చినప్పుడల్లా తెర మీద నా బొత్తాలన్నీ ఇళ్ళు మారతాయే. కిందటిసారి ఆ కత్తెర బొమ్మ కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు."

"మరి ఇన్నేళ్ళూ బాగుంది బాగుందన్నారేం?"

"బాగాలేదంటే తేవడం మానేస్తావు. తేవడం మానేస్తే ఈ గదిలోకి రావడమూ మానేస్తావు. ఆ మాత్రం తెలీదనుకున్నావా?"

కోడలు మనసులో లెక్క చూసుకుంది. ఈ మంచం పక్కన కూర్చోవడానికి తను మరిదిచేత ఏళ్ళ తరబడి రెట్టింపు చాకిరీ చేయించింది. ఈవిడ వెర్షన్ తర్వాత వెర్షన్ చేదు మందులా మింగారు. ఇద్దరి దొంగతనాన్నీ మోసి మోసి ఆ కంప్యూటర్‌కు ఆయాసం రాదూ మరి.

సాయంత్రం మేడ మీద తీర్పు చెప్పింది.

"ఆపేద్దాం. కానీ చివరి వెర్షన్ తీసెయ్యొద్దు, కావలసినవాళ్ళకి దొరికేచోటే ఉండనీ. దాంట్లో తప్పేదైనా బయటపడితే అది మాత్రం నేను సరిచేస్తా."

"అమ్మ బాధపడలేదు కదా?"

"హమ్మయ్య అన్నారు మీ అమ్మ."

మరిది ముఖం చిన్నబోయింది. వాదనలు చాలా సిద్ధం చేసుకున్నాడు పాపం.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఏ పనీ లేకుండా మెట్లు దిగింది. గుమ్మం దగ్గర, ఏమని చెప్పి లోపలికి వెళ్ళాలో తోచక నిలబడింది. అత్తగారు కళ్ళు తెరవకుండానే గోడవైపు జరిగి చోటిచ్చారు.