వెడల్పు వైపు

పదకొండేళ్ళుగా మా జట్టులో అందరూ నన్ను పాస్‌పోర్టు అని పిలుస్తున్నారు. నా పేరు ఒరెస్ట్ పలిచుక్. చొక్కా వెనక ఇంతింత అక్షరాలతో రాసే ఉంటుంది గానీ, చదివే ఓపిక ఎవరికీ లేదు.

అలా పిలవడానికి కారణం ఉంది. చేతులతో బంతి విసిరి పట్టుకునే మా కెనడా ఫుట్‌బాల్లో సగానికి పైగా ఆటగాళ్ళు సరిహద్దు అవతలనుంచి, అమెరికానుంచి వస్తారు. వాళ్ళే మైదానమంతా నిండిపోకుండా, మొదట దిగేవాళ్ళలో ఏడుగురైనా ఈ దేశంవాళ్ళు ఉండాలని ఒక నియమం పెట్టారు. ఆ ఏడుగురినీ ఎక్కడ సర్దాలా అని ప్రతి కోచూ తల పట్టుకుంటాడు. చివరికి అందరికీ తట్టేది ఒకటే చోటు, వెడల్పు వైపు బంతి పట్టుకునే రిసీవర్. మా మైదానం మరీ వెడల్పు. బంతి ఒక పక్కన ఉంటే, ఆ రెండో పక్క కొసన నిలబడినవాడి దాకా విసరడం మాటలు కాదు. అందుకని విసరరు. అక్కడ ఎవడున్నా ఒకటే కాబట్టి, కెనడా పాస్‌పోర్టు చూసి నన్ను పెట్టారు.

నా పని పరుగెత్తడం. బంతి నాకు రాదని నాకు తెలుసు, నన్ను కాపలా కాసేవాడికి తెలుసు, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పై మెట్టుమీద కూర్చున్న ముసలాయనకి కూడా తెలుసు. అయినా వచ్చేస్తోందన్నట్టు నలభై గజాలు ప్రాణం పెట్టి పరుగెత్తాలి. మళ్ళీ నడిచి వెనక్కి రావాలి. మళ్ళీ పరుగెత్తాలి. ఆటకి యాభైసార్లు. అందులో రెండు బంతులు నా చేతికి వస్తే ఆ రోజు పండగే. ఇప్పుడు నాకు ముప్పై నాలుగు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతాను.

ఈ ఏడు సాస్కటూన్‌లో శిక్షణ శిబిరం మొదలైన రోజే కోచ్ హాలిడే నన్ను పిలిచాడు. మనిషి కటువు, కానీ నాన్చడు. ముందు వరసలో అడ్డుకునే చోటికి క్యూబెక్‌నుంచి ఒక కొండలాంటివాడు దొరికాడట. ఏడో కెనడావాడు ఇక అతనే. వెడల్పు వైపు ఎవణ్ణయినా పెట్టుకోవచ్చు, ఎవడు బాగా ఆడితే చోటు వాడిది, నీకు పోటీగా అమెరికానుంచి లూసియానా కుర్రవాణ్ణి తెచ్చాను అన్నాడు.

ఇంకొకడైతే కుంగిపోయేవాడేమో. నాకు మాత్రం సంతోషం వేసింది. అబద్ధం కాదు. పదకొండేళ్ళుగా లోపల ఒకటే దొలుస్తోంది. నేను ఆటగాణ్ణా, కాగితం ముక్కనా? జనన ధ్రువపత్రం చూడకుండా నన్ను ఒక్కసారైనా ఎవడైనా దింపుతాడా? ఈసారి తేలిపోతుంది అనుకున్నాను.

ఆ మాటే నా భార్య జోలీన్‌కి ఫోన్లో చెప్పాను. ఆమె మా ఊళ్ళో విత్తనాలు శుభ్రంచేసే మిల్లులో పనిచేస్తుంది. ఏడాదికి ఐదు నెలలు నా కోసం ఎదురుచూసి విసిగిపోయిన మనిషి.

"తేలితే ఏం చేస్తావు ఒరెస్ట్?" అంది.

"మానేస్తాను. గెలిచినా ఇదే ఆఖరు. కానీ తెలుసుకుని మానేస్తాను."

తెలియకపోతే నిద్ర పట్టదా అని అడిగింది. పట్టదు అన్నాను. సరే, మోకాళ్ళకి మంచుగడ్డలు పెట్టుకోవడం మర్చిపోకు అని ఫోన్ పెట్టేసింది.

శిబిరంలో మమ్మల్ని విశ్వవిద్యాలయం హాస్టల్లో ఇద్దరికో గది చొప్పున ఉంచుతారు. ఏ మహానుభావుడు రాశాడో ఆ జాబితా, నాకూ ఆ లూసియానా కుర్రవాడికీ ఒకే గది వచ్చింది. పేరు డెల్‌రాయ్ ఫోంటెనో, ఇరవై మూడేళ్ళు. వచ్చిన మొదటి రోజే నా చొక్కా వెనక పేరు చదివి, ఎలా పలకాలని అడిగాడు. మూడుసార్లు అనుకుని సరిగ్గా పట్టేశాడు. ఆ తర్వాత మిగతావాళ్ళందరూ పాస్‌పోర్టు అంటున్నా, అతను ఒరెస్టన్నా అనే పిలిచేవాడు. మా అమ్మ పంపిన క్యాబేజీ చుట్టల్లో తన ఊరి ఎర్ర కారం సీసా దిమ్మరించుకుని తిని, మీ అమ్మగారికి నా దండాలు చెప్పమన్నాడు. అతన్ని ద్వేషించడానికి నేను చాలా కష్టపడాల్సి వచ్చింది.

నాకంటే వేగం. అది రెండో రోజుకే కళ్ళకు కట్టింది. చేతులు కూడా మెత్తన, బంతి వచ్చి పడితే చప్పుడు కాదు. అతనికి ఉన్నది ఒకే ఒక్క తప్పు. అవతలి దేశంలో రిసీవర్, ఆట మొదలయ్యే గీత దగ్గర కదలకుండా నిలబడి, నేలమీది బంతి లేచాక బయలుదేరాలి. మా దగ్గర అలా కాదు. పది గజాల వెనకనుంచే పరుగెత్తుకుంటూ రావచ్చు. బంతి లేచిన క్షణానికి గీత మీదికి చేరుకుంటే, పూర్తి వేగంతో దూసుకుపోవచ్చు. అర అడుగు ముందు దాటితే మాత్రం రిఫరీ జెండా విసురుతాడు, ఆడిన ఆట చెల్లదు. అవతలనుంచి వచ్చిన ప్రతివాడూ మొదట్లో ఇక్కడే బోల్తా పడతాడు. నిలబడే అలవాటున్న కాళ్ళకి పరుగు అనుమతిస్తే ఆగవు. డెల్‌రాయ్ రోజుకి ఆరుసార్లు ముందే దాటేవాడు.

నేను దాటను. ఎందుకంటే నాకో రహస్యం తెలుసు. బంతి విసిరే మా కోల్టన్, నేలమీది బంతిని తనకి అందించమని అడిగే ముందు ఎడమ మడమ కొంచెం పైకి లేపుతాడు. అతనికే తెలియదు ఆ సంగతి. మడమ లేచాక ఒకటి, రెండు అనుకుంటే బంతి చేతిలో ఉంటుంది. వెడల్పు వైపు అంత దూరాన అరుపులు వినిపించవు, అందుకని ఆరేళ్ళుగా ఆ మడమనే చూస్తున్నాను. ఈ ముసలి కాళ్ళతో ఇంకా బతుకుతున్నానంటే ఆ మడమ చలవే.

రెండో వారం మధ్యాహ్నం భోజనాల దగ్గర డెల్‌రాయ్ పళ్ళెం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఒరెస్టన్నా, నువ్వొక్కసారి కూడా ముందు దాటవు. ఎప్పుడు దూకాలో నీకెలా తెలుస్తుంది?"

"అలవాటవుతుందిలే."

"అంతేనా?"

"అంతే. నాలుగేళ్ళు ఆడితే కాళ్ళకే తెలుస్తుంది."

అతను తల ఊపి, నా మాట నమ్మి, అన్నం తినడం మొదలుపెట్టాడు. మడమ సంగతి చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ చెప్పలేదు. పోటీ పోటీయే కదా, నా పదకొండేళ్ళకి జవాబు ఈ కుర్రవాడి చేతిలో ఎందుకు పెట్టాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శిబిరం చివర్లో సన్నాహక ఆట. ఒక విడత నన్ను, ఒక విడత అతన్ని దింపుతానన్నాడు కోచ్. ఎవడి సంగతేమిటో చూడ్డానికి ఆ రోజు వెడల్పు వైపుకే పనిగట్టుకుని బంతులు విసిరించాడు. నాకు నాలుగు వచ్చాయి, నాలుగూ పట్టాను. నాలుగోదాన్ని పడిపోతూ, మోచేయి గీరుకుపోతూ పట్టాను. డెల్‌రాయ్‌కి మూడు జెండాలు పడ్డాయి. రెండోసారి జెండా పడినప్పుడు అతను ఇద్దర్ని దాటేసి, డెబ్బై గజాలు పరుగెత్తి, అవతలి కొస గీత దాటి టచ్‌డౌన్ చేసి, జనం లేచి నిలబడ్డాక వెనక్కి చూశాడు. గడ్డి మీద నారింజ రంగు జెండా పడి ఉంది. టచ్‌డౌన్ చెల్లలేదు. అంత దూరం నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు పాపం. నేను పక్క గీత దగ్గర నిలబడి నీళ్ళు తాగాను.

ఆఖరి నిమిషాల్లో క్యూబెక్ కుర్రవాడు గుంపు కింద పడి లేవలేదు. బండి మీద ఎక్కించి తీసుకెళ్ళారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. నా బుర్రలో మాత్రం నా నాలుగు బంతులే తిరుగుతున్నాయి.

మర్నాడు తీసేసేవాళ్ళని తీసేసే రోజు. మా దగ్గర దానికొక పద్ధతి ఉంది. పొద్దున్న ఆరింటికి మెర్విన్ అనే పెద్దాయన ఒక్కో తలుపూ కొడతాడు. కోచ్ పిలుస్తున్నాడు అంటే పరవాలేదు. ఆటల పుస్తకం కూడా తెచ్చుకో అంటే, పెట్టె సర్దుకోవాలన్నమాట. ఐదున్నరకే మెలకువ వచ్చి ఇద్దరం ఎవరి మంచం మీద వాళ్ళం పైకప్పు చూస్తూ పడుకున్నాం. మెర్విన్ చెప్పుల చప్పుడు మా తలుపు దగ్గర ఆగింది.

"డెల్‌రాయ్, కోచ్ పిలుస్తున్నాడు. పుస్తకం తెచ్చుకో బాబూ."

అతను లేచి, దుప్పటి మడతపెట్టి మరీ వెళ్ళాడు. నేను గోడవైపు తిరిగాను. గెలిచాను అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గులేకుండా. పదకొండేళ్ళ బరువు దిగిపోయినట్టనిపించింది. ఆ మాట కోచ్ నోటితో వినాలనిపించి, డెల్‌రాయ్ తిరిగి రాగానే నేను బయలుదేరాను.

కోచ్ హాలిడే బల్ల ముందు కాగితాలతో కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను అడగకముందే, క్యూబెక్ కుర్రవాడి మోకాలి లోపల నరం తెగిపోయిందని, ఈ ఏడాదికి వాడి పని అయిపోయిందని చెప్పాడు.

"ఏడుగురు కావాలి. నువ్వు మళ్ళీ ఏడోవాడివి," అన్నాడు.

నేను ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వాడి మోకాలు బాగుంటే?"

"బాగాలేదుగా."

"నాలుగు పట్టాను కోచ్."

"చూశాను. బాగా పట్టావు." అతను కాగితం మీదనుంచి తల ఎత్తాడు. "ఆ కుర్రవాడి పరుగు కూడా చూశాను. ఏం చెయ్యాలో రాత్రంతా ఆలోచిద్దామనుకున్నాను. మోకాలి కబురు రాగానే ఆలోచించే పనే లేకపోయింది. నువ్వు కూడా వదిలెయ్యి ఒరెస్ట్."

వదిలెయ్యమని ఎంత తేలిగ్గా అన్నాడు. నేను నాలుగు కాదు, ఒక్కటి కూడా పట్టకపోయినా ఈ చోటు నాదే. ఆ కుర్రవాడు ఒక్క జెండా పడకుండా ఆడినా ఇంటికే పోయేవాడు. ఆ రోజు భోజనాల దగ్గర నేను దాచుకున్నది నాకు పూచికపుల్లంత కూడా పనికిరాలేదు. నా జవాబు నాకు రాలేదు, ఇక రాదు. ఊరికే ఒక మంచి కుర్రవాడికి అబద్ధం చెప్పినవాణ్ణి మాత్రం అయ్యాను.

గదికి వచ్చేసరికి డెల్‌రాయ్ సంచి జిప్పు లాగుతున్నాడు. కారం సీసా బల్ల మీద నాకే వదిలేశాడు, మీ అమ్మగారి వంటలోకి అన్నాడు. అప్పుడిక ఉండబట్టలేకపోయాను.

"కోల్టన్ ఎడమ మడమ," అన్నాను. "బంతి అడిగే ముందు లేపుతాడు. అది చూసి రెండు లెక్కపెడతాను. అలవాటూ లేదు, ఏమీ లేదు."

అతను జిప్పు మీద చెయ్యి అలాగే ఉంచి నావైపు చూశాడు. కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

"నేను పోయేచోట ఆ మడమ ఉండదు కదా," అన్నాడు.

"ఉండదు."

"రెండు వారాలు నీ పక్క మంచం మీదే పడుకున్నాను."

అతను సంచి భుజానికి తగిలించుకుని, చెయ్యి చాచాడు. నేను పట్టుకున్నాను. ఆ మెత్తటి చెయ్యి ఒక్క క్షణం ఉండి వెనక్కి పోయింది.

"వస్తాను, పాస్‌పోర్టూ."

పదింటికి ప్రాక్టీసు. బూట్లు చేత్తో పట్టుకుని, కమ్మీ ఆనుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టే దిగాను.