ఇస్త్రీవాళ్ల ఇంటి తలుపు

పొద్దున లేవగానే కోడలు చేసే మొదటి పని తలుపు ఎక్కడుందో వెతుక్కోవడం. నిన్న వీధివైపు గోడకున్న తలుపు ఇవాళ పెరటివైపు ఉండొచ్చు, సందువైపు ఉండొచ్చు. రాత్రి మూసి పడుకుంటే చాలు, తెల్లారేసరికి తనకు నచ్చిన చోటుకు జరుగుతుంది. ఇస్త్రీకి బట్టలిచ్చేవాళ్లు ఇంటిచుట్టూ ఓసారి తిరిగి, తలుపు దొరికినచోట మూట దించి పోతారు. ఇదేం చోద్యమని అడిగినవాళ్లు లేరు. కొన్ని ఇళ్లకు పైకప్పు కారుతుంది, ఈ ఇంటికి తలుపు కదులుతుంది, అంతే.

కోడలు బొగ్గులు రాజేసి పెట్టె తోస్తే, అత్త నీళ్లు చిలకరించి మడతలు పెట్టేది. మొగుడు వాటిని ఇళ్లకు చేర్చేవాడు. కాలరు ముందా, చేతులు ముందా అన్న తగువు అత్తాకోడళ్ల మధ్య పెళ్లైన వారం నుంచీ నడుస్తూనే ఉంది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఇప్పుడు అత్త లేదు. ఇల్లు బావురుమంటోంది.

మాయదారి జ్వరం ఊళ్లోకి వచ్చినప్పుడు సర్కారు ఓ ఉత్తర్వు వేసి అత్యవసర అధికారాలు చేతిలోకి తీసుకుంది. అప్పుడెవరూ తప్పుపట్టలేదు. జ్వరం నిజం, చావులు నిజం. అత్త కూడా మూతికి గుడ్డ కట్టుకుని, ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టి ఊరికే ఇస్త్రీ చేసిచ్చింది. తర్వాత జ్వరం పోయింది. ఉత్తర్వు మాత్రం పోలేదు. ఇక ఆరోగ్యాధికారి ఆడింది ఆట, పాడింది పాట. నలుగురు కలిస్తే రోగం, గట్టిగా మాట్లాడితే రోగం. ఓరోజు ఆయన చొక్కాలిచ్చి పోదామని వస్తే అత్త ఉండబట్టలేక అడిగింది.

"జ్వరం పోయి ఏడాదవుతోంది కదా బాబూ, ఉత్తర్వు ఎప్పుడు పోతుంది?"

"మాట వేడిగా ఉంది. అనుమానం కేసు" అన్నాడాయన.

మధ్యాహ్నానికి బండి వచ్చి అత్తను ఊరవతల గోదాములో పెట్టిన శిబిరానికి పట్టుకుపోయింది. ఇంటి తలుపుకు అడ్డంగా చెక్క కొట్టి లక్కముద్ర వేశారు. మర్నాడు చెక్కా ముద్రా ఉత్త గోడకు వేలాడుతుంటే, కోడలు సందువైపు తలుపు తీసుకుని బయటికొచ్చి బొగ్గులు రాజేస్తోంది. మళ్లీ ముద్ర వేశారు. మళ్లీ అదే తంతు. ఉత్తర్వు వచ్చాక ఆ వీధి పగలబడి నవ్వింది అప్పుడే.

ఆ నవ్వు అధికారికి గుచ్చుకుంది. స్వయంగా వచ్చాడు. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకనుకున్నాడేమో, ఉన్న మాట చెప్పేశాడు.

"ఈ తలుపు ఒకచోటే ఉండేలా మీ చేతుల్తో మీరే మేకులు దిగ్గొట్టాలి. వీధంతా చూడాలి. సాయంత్రానికి మీ అత్తగారు ఇంట్లో ఉంటారు. కాదంటారా, ఆవిడ అక్కడే ఉంటారు, ఎన్నాళ్లైనా సరే."

సుత్తీ మేకులూ ఇస్త్రీ బల్ల మీద పెట్టించాడు.

"కొట్టేద్దామే" అన్నాడు మొగుడు కళ్లు తుడుచుకుంటూ. "కదలకపోతే మాత్రం మనకు పోయేదేముంది? అందరి తలుపులూ అలాగే ఉన్నాయిగా."

కోడలు సుత్తి అందుకుంది. ఆమెకు అత్త కావాలి, ఆ తిట్లతో సహా కావాలి. మేకును చెక్కకు ఆనించింది కూడా. వీధి వీధంతా నోరు మూసుకుని చూస్తోంది. ఈ మేకు దిగితే అత్త ఇంటికొస్తుంది గానీ, అత్త అడిగిన మాట ఇంకెవరూ అడగరు. అది తట్టేసరికి అధికారి మీద కంటే తనమీద తనకే ఎక్కువ ఒళ్లు మండింది.

"ఆవిణ్ణి అడక్కుండా మేకు కొట్టానంటే, వచ్చాక నన్ను బతకనివ్వదు" అని సుత్తి ఆయన చేతిలో పెట్టింది. "మీ చొక్కాలు కూడా పట్టుకెళ్లండి. ఇక చెయ్యను."

ఆయన వెళ్లాక తలుపు మూసి, తప్పు చేశానేమోనని కుళ్లికుళ్లి ఏడ్చింది.

మర్నాడు తలుపు పెరటివైపు ఉంది. తీస్తే పెరడు లేదు. పొడవాటి గోదాము, వరసగా మంచాలు. ఎదురుగా మంచం మీద కూర్చుని అత్త దుప్పటి మడతపెడుతోంది.

"ఇప్పటికి తెల్లారిందా నీకు?" అంది అత్త లేచి వస్తూ.

కోడలు ఆమెను వాటేసుకుంది. "త్వరగా రండి అత్తయ్యా, మూసేస్తాను."

"మూస్తే రేపెక్కడ తేలుతుందో ఎవరికెరుక? తీసి ఉన్నంతసేపూ కదలదు. ఆ రెక్క నువ్వు పట్టుకో."

చెరో రెక్కా పట్టుకుని నిలబడ్డారు. అత్త గోదాములోకి తిరిగి, "లేవండమ్మా, నడవండి" అని కేకేసింది. పాలావిడ వచ్చింది, బడి పంతులు వచ్చాడు, చుట్టాలెవరో తెలియని ముసలాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చారు. ఇంటికున్న ఒక్క తలుపూ అటు తెరుచుకుంది కనక, మొగుడు ఇస్త్రీ బల్లను ఊచల్లేని కిటికీ కిందకు జరిపి, అందర్నీ పట్టపగలు వీధిలోకి దించుతున్నాడు. పంతులుగారి పంచె గొళ్లేనికి చిక్కుకుంటే విడదీయడానికి కాసేపు పట్టింది.

మంచాలు ఖాళీ అయ్యాక కాపలావాడు కర్ర ఎత్తి పరుగెత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. రాజుకుంటున్న బొగ్గుల్నీ మడతపెట్టిన పిల్లల బట్టల్నీ చూస్తూ ఉండిపోయాడు.

"నేనూ ఇంటికెళ్లి చాన్నాళ్లైందమ్మా" అన్నాడు చివరికి.

అత్త తలుపు వదల్లేదు.

"కర్ర అక్కడే పడేసి రా" అంది.