గంగులుకి దక్కిన కూత

నరసాపురం రేవు ఇసుకలో చెడుగుడు ఆడేవాళ్ళలో గంగులంత చురుకైనవాడు లేడు. కూతకి వెళితే ఇద్దరినైనా తాకిగాని తిరిగి రాడు. అయినా జట్టుపెద్ద బంగారయ్య వాణ్ణి ఎప్పుడూ బయటే కూర్చోబెట్టేవాడు.

ఆ రోజు పాలకొల్లు జట్టు కాలవ పడవ మీద వచ్చింది. ఆట మధ్యలో మనవాళ్ళలో ఒకడికి మడమ బెణికింది.

"నన్ను దించు మావా" అన్నాడు గంగులు.

"దించుతాను గానీ కూతకి కాదు. ఎదుటోడు వచ్చినప్పుడు పక్కోడి చెయ్యి పట్టుకుని నిలబడాలి. నువ్వేమో చెయ్యి వదిలేసి ఒక్కడివే ఎగబడతావు. ఆ సందులోంచే వాడు జారిపోతాడు."

గంగులు వెళ్ళి వరసలో చివరివాడి చెయ్యి పట్టుకున్నాడు.

పాలకొల్లు ఆటగాడు కూత పెడుతూ వచ్చి, గంగులుని ఊరించడానికి అతని ఎదుటే వంగాడు. గంగులు కదల్లేదు. వాడు ఇంకాస్త లోపలికి రాగానే అందరూ కలిసి చుట్టేశారు. వాడు గంగులు వైపే తోసుకున్నాడు. మణికట్టు మెలిపడినా గంగులు పట్టు సడలించలేదు. వాడి కూత ఆగిపోయింది.

"వెళ్ళరా అల్లుడూ, ఈ కూత నీది" అన్నాడు బంగారయ్య. అంతలోనే గంగులు చెయ్యి చూసి, "వాచిందేంట్రా?" అన్నాడు.

"కాళ్ళు బాగానే ఉన్నాయి మావా" అని గంగులు గీత దాటాడు.