బెత్తెడు ఎక్కువ

నంద్యాల అటవీ ఆఫీసులో చెట్ల లెక్క అప్పజెప్పి, టీ తాగి, ఆళ్లగడ్డ బస్సు ఎక్కుదామని నా కర్ర కోసం వెనక్కి వెళ్లాను. గోడకు రెండు కర్రలు ఆనించి ఉన్నాయి. ఒకటి నాది, ఇంకొకటి నాలాగే బీట్ ఆఫీసరుగా పనిచేసే హిమజది. రెండూ ఒకే ఎత్తు ఉండాలి. నాది బెత్తెడు ఎక్కువుంది.

"ఏందిబ్బా ఫెబా, నీ కర్ర పెరిగింది? ఎరువేసినావా?" అంది హిమజ.

నేనూ నవ్వాను. ఆ నవ్వు బస్టాండు దాకా కూడా నిలవలేదు.

చెట్టు మొదట్లో కర్ర నిలబెట్టి, దాని కొస ఎక్కడికొస్తే అక్కడ టేపు చుట్టి కొలుస్తాం. చుట్టుకొలత ముప్పై సెంటీమీటర్లుంటే చెట్టు, లేకపోతే పొద. ఆళ్లగడ్డ పక్క గుట్ట వాలులో ఇళ్ల స్థలాలకు గీసిన ప్లానులో రెండు బ్లాకులున్నాయి. కింద బ్లాకంతా సర్కారు తుమ్మే కాబట్టి దాన్ని ఊరికి వదిలేయడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పేచీ అంతా పై బ్లాకుతోనే. అక్కడ వంద చెట్లు లెక్కకొస్తే అది అడవిగానే ఉండాలని, రాకపోతే ప్లాట్లు వేసుకోవచ్చని ఊరివాళ్లూ మా శాఖవాళ్లూ కలిసిన కమిటీలో ఒప్పుకున్నారు. మన పెద్దమనుషుల తెలివి ఎంతటిదంటే, ముందు లాటరీ తీసి, పట్టాలు పంచి, రాళ్లు పాతి, ఆ తర్వాత తీరిగ్గా చెట్లు లెక్కపెట్టమన్నారు.

నాకు తొంభై రెండు వచ్చాయి. సోమవారం కమిటీ మీటింగు. ఎనిమిది తక్కువని తేలినప్పుడు నాకు లోలోపల సంతోషమే కలిగింది, దాచడమెందుకు? పై బ్లాకులో నలభై ఒకటో నంబరు ప్లాటు మా నాయనది. ఆ సంగతి ఆఫీసులో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

బస్సు శిరివెళ్ల దాటినా ఆ ఎక్కువున్న కొసనే వేళ్లతో కొలుస్తూ కూర్చున్నాను. పాత కర్ర విరిగితే కొత్తది చేసిచ్చింది మా నాయనే. రాజరత్నం అంటే ఆళ్లగడ్డలో పేరున్న వడ్రంగి. మా చర్చిలో బెంచీలన్నీ ఆయన చేసినవే. తలుపు చెక్కలో నూలంత తేడా వస్తే ఆ పూట అన్నం సహించని మనిషి బెత్తెడు తప్పు ఎట్లా చేస్తాడు? చేయడు. నా భయమంతా అదే. ఒక రోజు అన్నం తింటూ నేనే చెప్పాను, పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుందని, కర్ర పొడుగైతే చెట్టు కాస్తా పొదైపోతుందని. పెద్ద తెలిసినదానిలా చేయి తిప్పుతూ మరీ చెప్పాను. నా నోరు పడిపోను.

ఇంటికి చేరేసరికి అమ్మ ప్రార్థన కూటానికి పోయింది. నాయన వాకిట్లో దర్వాజాకు చిత్రిక పడుతున్నాడు. కర్ర ఆయన ముందు పడేశాను.

"బెత్తెడు ఎక్కువుంది నాయనా."

ఆయన దాని వైపు చూడలేదు. చిత్రిక ఆపలేదు.

"తెలుసు."

"చేయి తప్పిందా?"

"నా చేయి యాడ తప్పుతాది? కావాలనే పెట్టినా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా ఉద్యోగం ఏమైతాదో తెలుసునా నీకు? సంతకం పెట్టింది నేను."

"తొమ్మిది ఇండ్లు మారినాం ఫెబా. సామాన్లు దించిన ప్రతిసారీ మీ అమ్మ ఇదే ఆఖరు అంటాది. పట్టా వచ్చినప్పటి నుంచి దాన్ని బైబిల్లో పెట్టుకొని తలకింద పెట్టుకొని పండుకుంటాంది. ఎనిమిది పుల్లలకు అడవికి ఏం తక్కువైతాది?"

"ఆ పుల్లల సందులోనే వంక పుడ్తాది నాయనా. అవి కొట్టేస్తే, వానొచ్చినప్పుడు ఆ వంక నీళ్లు యాడికి పోతాయి? కింద బ్లాకులో ఇండ్లు లేస్తాండాయి గదా."

ఆయన చేయి ఆగింది. ఆ దర్వాజా, కింద బ్లాకులో అందరికన్నా ముందు ఇల్లు మొదలుపెట్టిన కొండమ్మది. గడప చెక్క మీద రాలిన పొట్టును అరచేత్తో తుడిచాడు. చాలాసేపు అట్లా తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత రంపం అందుకుని, కర్ర కొసన గీత గీసి, బెత్తెడు ముక్క కోసేశాడు.

"రేపు నేనూ వస్తా," అన్నాడు.

"అమ్మకు ఏం చెప్దాం?"

"రేపు చర్చిలో సాక్ష్యం చెప్తాది మీ అమ్మ, దేవుడు ప్లాటిచ్చినందుకు. అయ్యగారికి పేరు కూడా ఇచ్చింది. ఈ పూట నా నోటితో చెప్పలేను."

ఆదివారం పొద్దున ఆఫీసు పని ఉందని, నాయనను తోడు తీసుకుపోతున్నానని అమ్మకు సగం నిజం చెప్పి బయటపడ్డాం. పొదలుగా రాసేసిన వాటిలో ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది దాకా వచ్చినవి పదిహేనున్నాయి. వాటినే మళ్లీ కొలవాలి. నాయన కర్ర పట్టుకున్నాడు. నేను టేపు చుట్టాను. ప్రతి చెట్టు దగ్గరా, ఇది సన్నగా ఉండాలి దేవుడా అనుకుంటూనే చుట్టాను. నిన్న సాయంత్రం నాయన మీద అంతెత్తున లేచింది ఈ నేనే.

పద్నాలుగు కొలిచేసరికి ఏడు చెట్లు లెక్కలోకి వచ్చాయి. తొంభై తొమ్మిది. మిగిలింది ఒక్క చండ్ర చెట్టు. దాని మొదట్లోనే నలభై ఒకటో నంబరు రాయి పాతి ఉంది.

అప్పుడే కింద చర్చి మైకులో అమ్మ గొంతు వినిపించింది.

"ఇరవై రెండేండ్లు అద్దె ఇండ్లలో ఉంటిమి. మొన్న ఖాళీ చేసిన ఇంట్లో పొయ్యి కూడా బయటనే. దేవుడు నా మొర విని నాకొక గూడు ఇచ్చినాడు. నంబరు కూడా చెప్తా అమ్మల్లారా, నలభై ఒకటి."

టేపు చుట్టి చూశాను.

"ఇరవై తొమ్మిదిన్నర," అన్నాను. ప్రాణం కుదుటపడింది. ఇంక ఎవరూ ఏమీ అనలేరు. కర్ర సరైనదే, లెక్కా సరైనదే, స్థలం మాదే.

నాయన నా వేళ్ల వైపు చూస్తున్నాడు.

"టేపు బిగించినావు ఫెబా."

"లేదు నాయనా."

"బెరడు నొక్కుకపోయింది చూడు. వదులు."

వదిలాను. వదలడానికి ఎంత బలం కావాలో నాకు అప్పుడే తెలిసింది. టేపు మెల్లగా సర్దుకుని ఆగింది. ముప్పై, దాని మీద రెండు గీతలు.

"రాసుకో," అన్నాడు. రంగు డబ్బాలోంచి కుంచె తీసి, దర్వాజాల మీద నంబర్లు వేసినంత పొందికగా, మాను మీద తానే వంద వేశాడు. కుంచె తుడుచుకుంటూ, "రేపు నంద్యాలకు నేనూ వస్తా. కర్ర పెంచింది నేనని చెప్పాల," అన్నాడు.

"పా నాయనా, అమ్మ ఇంటికొచ్చేలోపల మనం పోదాం."

ఆయన చర్చి వైపు తిరిగి ఆ రాయి మీద కూర్చున్నాడు. మైకులో అమ్మ వంటిల్లు ఏ మూల వస్తుందో, కిటికీ ఎటువైపు పెట్టించుకుంటుందో చెబుతోంది.

"ఉండు," అన్నాడు. "పూర్తిగా చెప్పుకోనీ."